ఓడలో మనకు నచ్చిన భోజనం దొరకాలంటే ఏం చేయాలి? క్రూయిజ్ మెనూ గురించి ఒక పాత వెయిటర్ మాటలు

మాది శ్రీకాకుళం. ఇరవయ్యేళ్లు దాటగానే ఓడెక్కి, పన్నెండేళ్లు క్రూయిజ్ డైనింగ్ రూముల్లో పనిచేశాను. మొదట ఎంగిలి ప్లేట్లు మోశాను, తర్వాత అసిస్టెంట్ వెయిటర్‌నయ్యాను, చివరి నాలుగు కాంట్రాక్టులు వెయిటర్‌ని. ఇప్పుడు ఊళ్లోనే పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ వంటలు ఒప్పుకుంటున్నాను. వేసవి సెలవులు దగ్గర పడేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "పిల్లలు సింగపూర్ నుంచి ఓడ టికెట్లు తీశారు బాబూ, అక్కడ తిండి ఎలాగుంటాది?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేబదులు ఒకచోట రాసి పెడదామనిపించింది.

ముందు ఒక సంగతి చెబుతాను. ఒక ప్రయాణం మొదటి రాత్రి నా టేబుల్‌కు విజయనగరం నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టారు, ఆయన భార్య వచ్చారు. ఇద్దరూ మెనూ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. బుట్టలోంచి చెరో బన్ను తీసుకుని, వెన్న రాసుకు తిని, నీళ్లు తాగి లేవబోయారు. ఓడలో మా చొక్కాల మీద పేరుపలక ఉంటుంది, పేరు కింద దేశం పేరు కూడా. ఆవిడ దాన్ని కళ్లు చికిలించి చదివి, గొంతు తగ్గించి, "నువ్వు తెలుగోడివేటి నాయనా?" అంది. అవునన్నాను. "పెరుగన్నంలాటిది ఏటైనా దొరుకుతాదా?"

ఎందుకు దొరకదు! తెల్లన్నం గ్యాలీలో, అంటే ఓడ వంటశాలలో, ప్రతి పూటా ఉంటుంది. పొద్దుటి టిఫిన్ల కోసం పెరుగు బకెట్లకొద్దీ ఉంటుంది. ఆ రెండూ కలిపి ఇమ్మని ఎవరూ అడగరు, అంతే. సలాడ్లు చేసే కుర్రాడి దగ్గర పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర తరిగించి, ఉప్పేసి కలిపి తెచ్చాను. తాలింపు లేదు. అయినా మాస్టారు రెండోసారి పెట్టించుకున్నారు. ఆ వారం మిగతా ఆరు రాత్రులూ ఆ టేబుల్ మీద బన్నుల బుట్ట నిండుగానే వెనక్కి పోయింది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఓడలో దానికి ఇంకో ముక్క తగిలించాలి: ముందురోజే అడగాలి. కింద రాసిందంతా ఎప్పుడు, ఎవరిని, ఏమని అడగాలో.

1. టికెట్ కొనేముందు ఏది కలిసుందో తెలుసుకోండి

మనవైపు వాళ్లకు ఓడ ప్రయాణం ఇప్పుడు మరీ దూరం కాదు. 2022 జూన్‌లో కార్డేలియా అనే మన దేశపు క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చి పుదుచ్చేరి, చెన్నైల మీదుగా తిరిగింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ మొదలైంది. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ విమానం నేరుగా ఉంది, అక్కడి నుంచి పెద్ద పెద్ద ఓడలు బయలుదేరతాయి. తిండి విషయంలో మాత్రం ఏ ఓడ ఎక్కామన్న దాన్నిబట్టి చాలా తేడా ఉంటుంది. కార్డేలియాలో ఎక్కేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే కాబట్టి శాకాహారం, జైన్ భోజనం వాళ్ల రోజువారీ వంటలోనే ఉంటాయి. సింగపూర్‌లో జెంటింగ్ డ్రీమ్‌లాంటి ఓడ భారతీయ శాకాహారానికి విడిగా ఏర్పాటు చేస్తుంది. పెద్ద అమెరికన్ కంపెనీల ఓడల్లో చాలావాటిలో రాత్రి మెనూలో ఒక భారతీయ వంటకం ఉంటుంది, లేదా చెబితే చేస్తారు. యూరప్ నదుల్లో తిరిగే చిన్న పడవల్లో వంటవాళ్లు తక్కువ, మెనూ చిన్నది. అక్కడ ముందే మాట్లాడుకోకుండా ఎక్కొద్దు.

టికెట్‌లో తిండి కలిసే ఉంటుంది, అయితే అన్నిచోట్లా కాదు. మెయిన్ డైనింగ్ రూమ్, బఫే ఉచితం. స్పెషాలిటీ రెస్టారెంట్లకు, అంటే స్టేక్, జపనీస్, ఇటాలియన్‌లాంటి వాటికి, విడిగా కట్టాలి. దాని మీద సర్వీస్ చార్జీ కూడా పడుతుంది. మామూలు నీళ్లు, టీ, ఫిల్టర్ మెషిన్ కాఫీ ఉచితం. కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు, మద్యం, నురగ కాఫీలు డబ్బు. గదికి తెప్పించుకునే భోజనానికి కొన్ని ఓడలు చార్జీ వేస్తాయి, కొన్ని వేయవు. చాలా ఓడల్లో మనిషికి రోజుకింత అని టిప్పు మీ ఖాతాలో దానంతట అదే పడుతుంది. ఏజెంటు చెప్పిన "అన్నీ కలిపే" అనే మాటలో ఇవేవీ ఉండకపోవచ్చు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి, వాట్సాప్‌లో రాయించుకోండి.

సీసా నీళ్లు కొనడం మాత్రం డబ్బు దండగ. సముద్రపు నీటినే శుద్ధిచేసో, రేవులో నింపుకునో ఓడలో తాగునీరు ఇస్తారు. పన్నెండేళ్లు నేను తాగిన నీళ్లు అవే.

2. కనీసం నెలన్నర ముందు మీ తిండి పద్ధతి రాయించండి

"వెజిటేరియన్" అని ఒక్క మాట రాయించి ఊరుకుంటే ఇబ్బంది. ఓడ భాషలో వెజిటేరియన్ అంటే గుడ్డు, గుడ్డు వేసిన కేకు, చీజు అన్నీ సరే. మీరు గుడ్డు తినకపోతే "గుడ్డు లేకుండా" అని విడిగా రాయించాలి. ఉల్లి, వెల్లుల్లి వద్దంటే "జైన్" అన్న మాట వంటవాళ్లకు బాగా తెలుసు. మీరు జైనులు కాకపోయినా ఆ మాటే వాడండి, పని జరుగుతుంది. వేరుశనగ, రొయ్య, పాలు పడనివాళ్లు ఎవరైనా ఉంటే ఆ పేరు, ఆ మనిషి పేరు రెండూ రాయించాలి.

ఉద్దానం వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇంట్లో కిడ్నీ జబ్బుతో ఉప్పు తగ్గించిన పెద్దవాళ్లుంటే ఈ పని అసలు మరిచిపోవద్దు. ఓడ సూపుల్లో, సాసుల్లో, చీజుల్లో, నిల్వ మాంసాల్లో ఉప్పు దండిగా ఉంటుంది. పొద్దున్నే పెద్ద డేగిసాలో కాచిన సూపులోంచి రాత్రి మీ ఒక్కరికోసం ఉప్పు తీయడం ఎవరి తరమూ కాదు. ముందే చెబితే మీ చేప, మీ కూరగాయలు విడిగా ఉడికించి, సాసు పక్కన చిన్న గిన్నెలో పెడతారు. ఏది ఎంత తినొచ్చో డాక్టరు దగ్గర ఒక చీటీ మీద రాయించుకుని వెంట ఉంచుకుంటే ఇంకా మంచిది.

3. సంచిలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

మా అప్ప మొదటిసారి ఓడెక్కినప్పుడు చిన్న రైస్ కుక్కర్, కిలో సోనామసూరి, చోడిపిండి (రాగిపిండి) సర్దింది. కుక్కర్ గేటు దగ్గరే ఆగిపోయింది. చివరి రోజున తిరిగిచ్చారనుకోండి. వేడయ్యే సామాను ఏదీ గదిలోకి రానివ్వరు: కుక్కర్, కరెంటు కెటిల్, నీళ్లు కాచే రాడ్డు, ఇస్త్రీపెట్టె. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే పరుగెత్తడానికి చోటుండదు కదా.

ఇంట్లో వండిన కూరలు, పచ్చి మాంసం, చేపలు, కోసిన పండ్లు కూడా వద్దు. కంపెనీ సీలు వేసిన పొట్లాలు మామూలుగా సరే. కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న ఆవకాయ సీసా, పలాస జీడిపప్పు, జంతికలు పెట్టుకోండి. ఆవకాయను విమానంలో చేతిసంచిలో పెట్టకండి, పెద్ద పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టండి. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు, గసగసాలు వేసిన మసాలాపొడి తీసేయండి. మనకది కోడికూరలో వేసే దినుసు, వాళ్లకు నిషేధించిన సరుకు.

పొడి డబ్బా డైనింగ్ రూమ్‌కు తెచ్చుకోవడానికి సిగ్గుపడే పనిలేదు. నా టేబుల్ దగ్గర ఒక ఇటలీ ముసలాయన సొంత ఎండుమిర్చి సీసా జేబులో పెట్టుకుని వచ్చేవాడు.

4. ఓడెక్కిన రోజు సాయంత్రంలోగా హెడ్ వెయిటర్‌ను కలవండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. జనం ఎక్కడమే ఆలస్యం బఫేకు పరుగెడతారు. పెట్టెలు చేతిలో, పిల్లలు చంకలో, ప్లేటు పట్టుకోవడానికి చోటుండదు. చాలా ఓడల్లో ఆ మధ్యాహ్నం ఒక డైనింగ్ రూమ్ కూడా తెరిచే ఉంటుంది. ఎక్కడుందో ఎవరినైనా అడగండి, ప్రశాంతంగా కూర్చుని తినొచ్చు.

తినడం అయ్యాక డైనింగ్ రూమ్ గుమ్మం దగ్గర డెస్క్ వేసుకు కూర్చున్న వాళ్లను పలకరించండి. అందరికంటే పైన ఉండేది మేట్ర డీ, ఆయన కింద నాలుగైదు వరసల టేబుళ్లు చూసుకునేది హెడ్ వెయిటర్, తర్వాత వెయిటర్, అసిస్టెంట్ వెయిటర్. మీకు కావలసింది హెడ్ వెయిటర్. ఆయనతో తేల్చుకోవలసినవి రెండు.

మొదటిది వేళ. రాత్రి భోజనం రెండు పంక్తులుగా పెడతారు: సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య ఒకటి, ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య రెండోది. ఎప్పుడైనా రావచ్చనే పద్ధతి కూడా ఉంది. మనవాళ్లకు రెండో పంక్తి అలవాటు వేళ. కానీ ప్రత్యేకంగా వండించుకునేవాళ్లకు రోజూ ఒకే టేబుల్, ఒకే వెయిటర్ ఉండడం మేలు. "ఎప్పుడైనా" పద్ధతిలో రోజుకో కొత్త వెయిటర్ తగులుతాడు, రోజూ మీ కథ మొదటినుంచి చెప్పుకోవాలి.

రెండోది రేపటి భోజనం. మీరు రాయించిన తిండి పద్ధతి ఆయన చేతిలోని కాగితంలో ఉందో లేదో చూడమనండి. ఉంటే, రోజూ రాత్రి ఐస్‌క్రీమ్ తినే వేళకు రేపటి మెనూ తెచ్చి చూపించమనండి. అది చూసి "ఈ పాస్తా గుడ్డు లేకుండా", "రేపు పప్పు, అన్నం, ఒక వేపుడు" అని చెప్పేస్తే ఆయన రాసుకుని గ్యాలీకి పంపుతాడు. ఇరవైనాలుగు గంటల సమయం ఉంటే వంటవాడు పప్పు నానబెడతాడు, లేత బెండకాయలు ఏరి పక్కన పెడతాడు. అదే మీరు కుర్చీలో కూర్చున్నాక అడిగితే ఎవరో ఒకరు పొద్దుటి చిక్కుళ్ల డబ్బా తెరిచి టమాటా సాసు కలిపి పంపిస్తారు. తిని, "ఓడలో ఇండియన్ ఫుడ్ బాగోదు" అని ఊరికొచ్చి చెబుతారు.

గ్యాలీలో భారతీయ వంటవాళ్లు దాదాపు ప్రతి పెద్ద ఓడలోనూ ఉంటారు. సిబ్బంది మెస్‌లో మాకు రోజూ అన్నం, పప్పు, ఏదో ఒక మసాలా కూర వండేది వాళ్లే. ఆ మెస్‌లోకి ప్రయాణికులను రానివ్వరు, ఆ కూర మీ టేబుల్‌కు రాదు. ఆ చెయ్యి మాత్రం ఓడలో ఉందన్నమాట. దాన్ని మీదాకా రప్పించేది హెడ్ వెయిటరే.

5. మెనూ కార్డు చదవడం

రాత్రి మెనూలో మూడు విడతలు. మొదట స్టార్టర్లు: సూపు, సలాడ్, చిరుతిండి. తర్వాత మెయిన్: మాంసమో చేపో పాస్తానో. చివర డెజర్ట్. కార్డులో ఒక పక్క రోజూ ఉండే వంటకాల పట్టీ ఉంటుంది. మామూలుగా వేయించిన కోడి, సాల్మన్ చేప, సీజర్ సలాడ్‌లాంటివి. మిగతా పక్క రోజూ మారుతుంది.

పెట్టిన మూడింటిలో ఒక్కోటే తినాలని రూలేమీ లేదు. రెండు స్టార్టర్లు చెప్పండి. మెయిన్ వద్దనుకుంటే మానేయండి. కూర మాత్రమే బాగుంటే పక్కనున్న బంగాళాదుంప తీసేసి అన్నం పెట్టమనండి. ఇద్దరు కలిసి మూడు మెయిన్లు తెప్పించుకుని మధ్యలో పెట్టుకుని తినండి. కొన్ని కంపెనీలు ఈమధ్య మనిషికి రెండు మెయిన్లు దాటితే చార్జీ వేస్తున్నాయి. లాబ్‌స్టర్ రెండోది తీసుకుంటే డబ్బులడిగే ఓడలూ ఉన్నాయి. కార్డులో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. పేరు చూస్తే తెలియని మాంసం.

గొడ్డుమాంసం తినని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు బీఫ్ అన్న మాట కోసం వెతికి, అది కనబడకపోతే ధైర్యంగా ఆర్డర్ ఇస్తారు. ప్రైమ్ రిబ్, షార్ట్ రిబ్, సర్లాయిన్, స్ట్రిప్, ఫిలే మిన్యాన్, బోలోనీస్ సాసు, ఇవి మామూలుగా గొడ్డుమాంసమే. వీల్ అంటే దూడ మాంసం. పందిమాంసం కూడా రకరకాల పేర్లతో వస్తుంది: హామ్, బేకన్, ప్రషూటో, పాంచెట్టా, చోరీజో. గొర్రెమాంసం కావాలంటే ల్యాంబ్ అన్న మాట చూడండి. ల్యాంబ్ షాంక్ అంటే గొర్రె కాలు, గంటలకొద్దీ నెమ్మదిగా ఉడికి ఎముక నుంచి ఊడొస్తుంది. మన నోటికి నచ్చని రోజు నేను చూడలేదు. చేపల్లో బారముండి అని కనబడితే అది మన పండుగప్పే. ఎస్కార్గో అంటే వెల్లుల్లి వెన్నలో వేసిన నత్తలు. గోదావరి వాళ్లకు నత్తలు కొత్తేమీ కాదు గానీ, మనవైపు వాళ్లకు చెప్పి పెట్టడం మంచిది.

శాకాహారులకు ఇంకా కష్టం. సీజర్ సలాడ్ ఆకులతో చేసిందే, కానీ పైన పోసే రసంలో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. ఉల్లిపాయ సూపుకు గొడ్డు ఎముకల రసం ఆధారం. రిసోట్టో అనే అన్నాన్ని చాలాచోట్ల కోడి రసంలో ఉడికిస్తారు. థాయ్ కూరల్లో చేప సాసో రొయ్య ముద్దో పడుతుంది. జెల్లీ, మూస్, పన్నాకోటా లాంటి డెజర్ట్‌లలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీసేది. పార్మెజాన్ చీజు గడ్డకట్టడానికి దూడ పొట్టలోని రెన్నెట్ వాడతారు.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. ఒక ఓడలో గుజరాత్ కుటుంబానికి పుట్టగొడుగుల సూపు వడ్డించాను. "ఇది వెజ్జేనా?" అని ఆ ఇంటి పెద్దావిడ అడిగింది. చూడ్డానికి పాలు, పుట్టగొడుగులే కదా, అవునన్నాను. సగం తాగాక ఎందుకో అనుమానం వచ్చి లోపలికెళ్లి అడిగితే కోడి రసంతో చేశారని తెలిసింది. వెళ్లి చెప్పి క్షమించమన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టి చేతులు కడుక్కోవడానికి లేచింది. ఆ వారమంతా నా వంక చూసి నవ్వలేదు. కాబట్టి వెయిటర్ ఠక్కున "వెజ్జే" అంటే నమ్మకండి. "లోపల అడిగి చెప్పు బాబూ" అనండి. లోపలికి వెళ్లొచ్చి చెప్పినవాడి మాటకే విలువ.

ఫోర్కులూ కత్తుల గురించి ఎక్కువ దిగులు వద్దు. బయటి వరస నుంచి లోపలికి వాడుకుంటూ రావడమే. చేత్తో తిన్నా ఎవరూ ఏమీ అనరు. పెరుగన్నం మాస్టారు ఫోర్కుతో మొదలుపెట్టి మూడో ముద్దకు చేతిలోకి దిగారు.

6. ఏది బాగుంటుంది, ఏది బాగోదు: పెళ్లి భోజనం లెక్క

ఓడ తిండి మంచిదా చెడ్డదా అని ఒక్కమాటలో అడిగితే నేను చెప్పలేను. ఒకే మెనూలో ఒకటి అమృతంలా, పక్కది చప్పగా ఉంటాయి. ఎందుకో ఇప్పుడు సొంతంగా వంటలు ఒప్పుకుంటున్నాక ఇంకా బాగా తెలిసింది. మన ఊళ్లో వెయ్యిమంది పెళ్లి భోజనంలో ఏది బాగుంటుంది? పప్పు, గుత్తివంకాయ, పులిహోర, పనసపొట్టు కూర. రెండు గంటల ముందు దించినా రుచి చెడదు, పులిహోర అయితే ఇంకా పెరుగుతుంది. ఏది బాగోదు? అట్టు. పెనం మీంచి తీసిన వెంటనే తినవలసినదాన్ని వెయ్యి విస్తళ్లకు అందించడం ఎవరివల్లా కాదు.

డైనింగ్ రూమ్‌లోనూ అంతే. ఒక పంక్తిలో వెయ్యిమంది పైన కూర్చుంటారు, అరగంటలో అందరి మెయిన్లూ బయటకు రావాలి. కాబట్టి నెమ్మదిగా ఉడికేవి, పెద్ద ముక్కగా కాల్చి కోసేవి, సూపులు, కూరలు, పిండి పొరలో కూర పెట్టి కాల్చే "పై" (pie) లాంటివి ఎంచుకోండి. పలచని చేప ముక్కలు ఆరిపోతాయి. వెన్న సాసు పాస్తా చిక్కబడి ముద్దవుతుంది. వేయించినవి మెత్తబడతాయి. బ్రెడ్డు మాత్రం ఎప్పుడూ బాగుంటుంది. రాత్రంతా బేకరీలో పనిచేసే వాళ్లుంటారు, తెల్లవారుజామున నాలుగింటికి ఆ వరండాలోంచి వెళ్తే ఆకలి లేనివాడికి కూడా ఆకలేస్తుంది.

మన వంటకు ఓడలో ఇంకో అడ్డు ఉంది. గ్యాలీలో గ్యాస్ మంట ఉండదు, అంతా కరెంటు పొయ్యిలే. నిప్పు భయం వల్ల. అందుకే పుల్కా మంట మీద పొంగదు. ఎండుమిర్చి, ఆవాలు చిటపటలాడే ఆ తాలింపు ఘాటు మన ఇంట్లోలా అంతగా రాదు. రొట్టె అడిగేబదులు అన్నం అడగండి. కారం సరిపోకపోతే పచ్చిమిర్చి తరిగించి, నిమ్మచెక్కతో పక్కన పెట్టించుకోండి.

పట్టుచీరలు కట్టుకునే రాత్రి ఒకటుంటుంది, ఫార్మల్ నైట్ అంటారు. మగవాళ్లు నిక్కర్లతో వస్తే గుమ్మం దగ్గర ఆపేస్తారు. లాబ్‌స్టర్‌లాంటి ఖరీదైనవి పెట్టేది తరచూ ఆ రాత్రే. మధ్యలో మేం వెయిటర్లం డాన్సు కూడా చేయాలి. చేతిలో ట్రే, మనసులో పదిహేడో నంబర్ టేబుల్ కాఫీ.

7. బఫేలో ప్లేటు పట్టేముందు

బఫేలో మన చెయ్యి శుభ్రం, ఎదుటివాడి చెయ్యి శుభ్రం రెండూ లెక్కకొస్తాయి. ఓడల్లో జనాన్ని మంచం పట్టించేది ఎక్కువగా నోరోవైరస్ అనే వాంతులు, విరేచనాల జబ్బు. గుమ్మం దగ్గర చేతిలో పోసే శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు. సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోవాలి. అందరూ తాకే గరిటె పట్టుకున్నాక ఆ చేత్తోనే బన్ను నోట్లో పెట్టుకోవద్దు. పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి.

తిండి మంచిదో కాదో కంటికి కొంత తెలుస్తుంది. వేడిగా ఉండవలసినవి 57 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉండవలసినవి 5 డిగ్రీల లోపు ఉంచాలని అమెరికా రేవులకు వెళ్లే ఓడలకు నిబంధన. వేడి, చల్లదనం చూడకుండా బయట పెట్టినవాటిని 4 గంటల్లో పారేయాలి. మూత తీస్తే ఆవిరి రావాలి. పైన పొర కట్టినా, అంచులు ఎండినా వదిలేయండి, ఇంకో ట్రే వచ్చేదాకా ఆగండి. తెరిచిన మొదటి అరగంటలో వెళ్తే అన్నీ తాజా. మూసే ముందు వెళ్తే మిగిలినవి కలిపేసిన ట్రేలు.

ఓడ శుభ్రత గురించి ముందే తెలుసుకోవాలంటే ఒక దారి ఉంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, 1970ల నుంచి తమ రేవులకొచ్చే ఓడల్ని చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తోంది. వందకు మార్కులు వేస్తుంది. 86 వస్తే పాస్, 85 అంటే ఫెయిల్. ఏ తప్పుకు ఎన్ని మార్కులు తీశారో కూడా వాళ్ల వెబ్‌సైట్‌లో పెడతారు. తనిఖీ వాళ్లు ఎక్కారని తెలిసిన రోజు గ్యాలీలో మా పరుగులు చూడాలి, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసిన బడి కూడా అంత హడావుడి పడదు. ఆసియాలోనే తిరిగే ఓడలకు ఈ మార్కులు ఉండకపోవచ్చు.

కడుపులో తిప్పితే బఫేలో ఆకుపచ్చ ఆపిల్, ఉప్పు బిస్కెట్లు అడగండి. ఓడవాళ్లందరి చిట్కా అది. మీరు తెచ్చుకున్న శొంఠి కూడా మంచిదే.

8. బాగోకపోతే అప్పుడే చెప్పండి

మనవాళ్లకు ఇదొక మొహమాటం. ప్లేటు పక్కకు నెట్టి, "బాగుంది బాబూ, కడుపు నిండిపోయింది" అంటారు. చివరి రోజున కాగితం మీద మాత్రం "భోజనం బాగోలేదు" అని రాస్తారు. అప్పటికి మేం చేయగలిగిందేమీ ఉండదు. చల్లారిపోయి వచ్చిందా, ఉప్పెక్కువైందా, రెండో ముద్ద దగ్గరే చెయ్యెత్తి పిలవండి. వెనక్కి తీసుకెళ్లి ఇంకోటి తేవడానికి మాకు జీతంలోంచి పోయేది ఏమీ లేదు. వెయిటర్ దగ్గర పని జరగకపోతే హెడ్ వెయిటర్, ఆయన దగ్గర కాకపోతే మేట్ర డీ. దాని పైన రిసెప్షన్ డెస్క్. కోపంగా చెప్పనక్కరలేదు. ఏ వంటకం, ఏం తప్పు, బదులు ఏం కావాలి, ఈ మూడు ముక్కలు చెబితే సరిపోతుంది.

నచ్చితే ఆ మాట కూడా రాయండి, వెయిటర్ పేరు పెట్టి. ఆ కాగితాల్లో పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసి మంచి టేబుళ్లు, పై మెట్టు ఇచ్చేవాళ్లు మాకు.

9. దిగే రోజు పొద్దున్న

ఆ రోజు టిఫిను ముందే పెట్టి ముందే మూసేస్తారు. మధ్యాహ్నం కొత్త జనం ఎక్కుతారు కాబట్టి గదులు, బఫే అన్నీ ఖాళీ చేయించాలి. రాత్రి గుమ్మం దగ్గర పెట్టిన కాగితంలో వేళ చూసుకుని పెందలాడే వెళ్లండి. దోవలో తినడానికని ఉడికిన గుడ్లు, ఆపిళ్లు, అరటిపండ్లు సంచిలో వేసుకోకండి. చాలా దేశాల రేవుల్లో అవి దించనివ్వరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అయితే ఒక్క పండుకే జరిమానా పడొచ్చు.

హెడ్మాస్టారు దంపతులు ఆ పొద్దున్న నా టేబుల్ వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ సంచిలోంచి సగం మిగిలిన కందిపొడి పొట్లం తీసి నా చేతిలో పెట్టి, "నీకూ ఎన్ని నెల్లయిందో ఏటో" అంది. ఆ రాత్రి సిబ్బంది మెస్‌లో వేడన్నంలో ఆ పొడి వేసుకుని, నెయ్యి లేక వెన్న పెట్టుకుని తిన్నాను. పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ కుర్రాడు కొంచెం అడిగి తీసుకుని, మర్నాడు మళ్లీ వచ్చి గిన్నె చాపాడు.